మంచు ఎక్కడిదాకా వచ్చింది

పెద్దావిడ కొడుకు నన్ను కారిడార్లో ఆపి, "మా అమ్మని ఒకసారి గ్లేసియర్ దగ్గరికి తీసుకెళ్ళాలనుంది. తోడు వస్తావా?" అని అడిగినప్పుడు, గ్లేసియర్ అంటే ఏదో హోటల్ పేరనుకున్నాను. "లంచ్‌కా, డిన్నర్‌కా?" అని కూడా అడిగాను. ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, "సౌత్ ఐలాండ్‌లో. రెండు మూడు రోజులు పడుతుంది," అన్నాడు.

నేను హామిల్టన్‌లో, అంటే ఈ దేశపు ఉత్తర దీవిలో, పెద్దవాళ్ళుండే ఒక రెస్ట్‌హోమ్‌లో నర్సుని. మతిమరుపు జబ్బు ముదిరినవాళ్ళు ఉండే వైపు నా డ్యూటీ. ఇక్కడ ఎంత పెద్దవాళ్ళనైనా పేరు పెట్టే పిలుస్తారు. నేనూ అలాగే పిలిచేదాన్ని. రాసేటప్పుడు మాత్రం పెద్దావిడ అనే రాయబుద్ధవుతోంది. ఎనభై దాటిన మనిషి. సన్నగా ఉన్నా కుర్చీలో వెన్ను వాల్చకుండా కూర్చునేది. కొడుకు హామిల్టన్‌కి కాస్త దూరంలో పాడి రైతు. వారానికోసారి, గమ్ బూట్లు గుమ్మం బయట విప్పి, మేజోళ్ళతో లోపలికొచ్చి, తల్లి పక్కన కాసేపు కూర్చుని వెళ్ళేవాడు.

పెద్దావిడ పెళ్ళికి ముందు ఒక మంచుకొండ కింద ఉన్న హోటల్లో, వంటింట్లో పనిచేసిందని మా అందరికీ తెలుసు. ఎవరు టీ తెచ్చిచ్చినా అదే కథ. గైడ్లు మంచునది మీంచి ఐసు గడ్డలు గోనెసంచుల్లో వేసుకుని వీపున మోసుకొచ్చేవారట. ఈవిడ వాటిని సుత్తితో పగలగొట్టి అతిథుల గ్లాసుల్లో వేసేదట. "అది మామూలు ఐసు కాదమ్మాయ్. నీలంగా ఉండేది. గ్లాసులో వేస్తే చిటపటమనేది," అనేది. ఒక్కోరోజు ఆ చిటపట వినపడుతోందని చెప్పి తన నీళ్ళ గ్లాసు నా చెవి దగ్గర పెట్టేది. నేను విని, అవునని తల ఊపేదాన్ని. షిఫ్టు మారేటప్పుడు తరవాతి నర్సుకి, "ఈ పూట కొంచెం కన్‌ఫ్యూజ్డ్‌గా ఉంది," అని చెప్పేదాన్ని. మా వింగ్‌లో ఆ మాట మంచినీళ్ళంత సులువుగా వాడతాం.

ఐసు గురించి నాకు తెలిసింది వేరు. మాది కృష్ణ ఒడ్డున లంక ఊరు. దగ్గర్లో చేపల రేవు. రేవు పక్కనే ఐసు ఫ్యాక్టరీ. రంపపు పొట్టులో పొర్లించిన ఐసు దిమ్మలు రిక్షాల మీద రేవుకి వెళ్ళేవి. దారంతా నీళ్ళు కారుతుండేవి. ఐసంటే మనిషి చేసేది, ఎండలో కరిగిపోయేది. అంతే. అదే ఒక నదిలాగా కొండ మీంచి దిగొస్తుందనీ, దిగుతూ దిగుతూ కొండల్ని గీరుకుంటూ వస్తుందనీ బళ్ళో చదివే ఉంటాను. పరీక్ష రాసిన మర్నాడే మర్చిపోయి ఉంటాను.

డాక్టరు ప్రయాణానికి సరేనన్నాడు. కొడుక్కి అది దూడలు పుట్టే కాలం, కదలడానికి వీల్లేదు. కారు నడపడానికి మనిషి కావాలంటే మా ఆయన్ని అడిగాను. ఆయన పాల ఫ్యాక్టరీలో ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు.

"ఏవండీ, లీవు దొరుకుద్దా మీకు?"

"దొరుకుద్దిలే. ఈ దేశం వచ్చి ఇన్నేళ్ళైంది, సౌత్ ఐలాండ్ చూశావా నువ్వు? నేను చూశానా? పోదాం పద," అన్నాడు. తరవాత కాస్త ఆలోచించి, "మరి దార్లో ఆవిడకి ఏమన్నా అయితేనో?" అన్నాడు.

"నేనున్నాగా."

"నువ్వున్నావులే," అన్నాడు, అది ధైర్యమో భయమో తెలీకుండా.

క్రైస్ట్‌చర్చ్‌లో విమానం దిగి, కారు తీసుకుని పడమటి తీరానికి బయల్దేరాం. పెద్దావిడ ముందు సీట్లో కూర్చుంది. మైదానం దాటి కొండలెక్కేదాకా హుషారుగానే ఉంది. గొర్రెల్ని లెక్కపెట్టింది. మా ఆయన తెలుగులో మాట్లాడితే తనకే అనుకుని ఇంగ్లీషులో జవాబులిచ్చింది. కొండల అవతలికి దిగేసరికి వాన మొదలైంది. అలాంటి వాన నేను మా ఊళ్ళో తుఫాను రోజుల్లోనే చూశాను. అడవి రోడ్డు మీదికి ఒరిగిపోయి ఉంది. పెద్దావిడ మాట్లాడడం మానేసింది. కాసేపటికి, "ఇంత అడవి ఎప్పుడు పెంచారు?" అంది.

"ఎప్పట్నించో ఉన్నట్టుందండీ," అన్నాను.

"లేదు. అక్కడ చెట్లుండవు. గడ్డి ఉంటుంది. పసుపు గడ్డి."

నేను మాట మార్చాను. మా ఉద్యోగంలో ముందు నేర్చుకునేది అదే. వాదించకూడదు, మాట మార్చాలి.

ఊరు చేరేసరికి మధ్యాహ్నమైంది. చిన్న ఊరు. నాలుగు మోటళ్ళు, హెలికాప్టర్ ఆఫీసులు, కేఫ్‌లు. పక్కన నది. ఆ నది నీళ్ళు బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లబూడిద రంగులో పరిగెడుతున్నాయి. మా ఆయన వంతెన మీద కారు ఆపి చూశాడు.

"ఇదేంటే, ఏట్లో నీళ్ళకంటే రాళ్ళే ఎక్కువున్నాయి? ఏరు ఊరికంటే ఎత్తుగా ఉన్నట్టుంది చూడు."

నిజమే. నది అడుగు రాళ్ళతో నిండి పైకి లేచింది. ఊరి కేసి గట్టు పోసి ఉంది. ఆ రాళ్ళన్నీ మంచే పైనించి గీకి తెచ్చి పడేసినవనీ, నీళ్ళకి ఆ రంగు రాళ్ళు నూరుకుపోయి పిండైతే వచ్చిందనీ వంతెన దగ్గర బోర్డు మీద రాసుంది. వరదకి ఆ వంతెన కొట్టుకుపోతే మళ్ళీ కట్టి, రాళ్ళు పేరుకున్నకొద్దీ ఎత్తు పెంచుకుంటూ వస్తున్నారట. మాకు కాస్త అర్థమైనట్టే అనిపించింది. లంకల్లో వరదొచ్చి తీశాక ఎవరి చేను ఎక్కడుందో తేల్చుకోలేక కొట్టుకునేవాళ్ళు మా వాళ్ళు. ఏరు ఒకడి మట్టి తీసుకెళ్ళి ఇంకొకడి గట్టుకి పోసేది. ఇక్కడ ఆ పని మంచు చేస్తోంది. అంతవరకూ బాగానే ఉంది. కానీ మేం కారులో ఎక్కి దిగొచ్చిన అడవి కొండ ఒకటుంది, చెట్లతో పచ్చగా, మామూలు కొండలాగే ఉంది. అది కూడా కొండ కాదట. ఒకప్పుడు మంచు అక్కడిదాకా వచ్చి, వెనక్కి పోతూ వదిలేసిన రాళ్ళపోగట. మా ఆయన బోర్డు కేసీ కొండ కేసీ మార్చి మార్చి చూశాడు.

"మరి కొండేది, పోగేది? దేన్ని చూసి నమ్మాలి?" అన్నాడు.

వాన తెరిపిచ్చాక పెద్దావిడని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టుకుని లోయ చూసే చోటికి తీసుకెళ్ళాం. అడవిలోంచి దారి. దారి పక్కన పాతిన బోర్డుల మీద ఏడాది అంకెలు. ఫలానా ఏడాది మంచు ఇక్కడిదాకా ఉండేది. ఇంకాస్త ముందు ఇంకో ఏడాది. నేను ఆ బోర్డు పక్కనే నిలబడి చుట్టూ చూశాను. ఫెర్న్ చెట్లు, నాచు, పిట్టల అరుపులు. ఇక్కడ నా తలకి ఎంతో ఎత్తున ఐసు నిలబడి ఉండేదంటే ఊహకి అందలేదు. చివరికి చెట్లు తొలిగి లోయ కనపడింది. రెండు పక్కలా నిలువు రాతి గోడలు, మధ్యలో బల్లపరుపుగా రాళ్ళ నేల. ఏదో పెద్ద గరిటెతో తోడి తీసినట్టుంది. దూరంగా, మబ్బు కింద, కొండ మలుపులో మురికి తెలుపు మరక ఒకటి.

"గ్లేసియర్ ఎక్కడుంది?" అని అక్కడున్న ఒక టూరిస్టుని అడిగాను.

"అదే," అని ఆ మరకని చూపించాడు.

పెద్దావిడ చాలాసేపు చూసింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది.

"ఇది కాదు," అంది.

"ఇదేనండీ. వెనక్కి వెళ్ళిపోయిందట. వేడికి కరిగిపోయిందట."

"కరగడం కాదు. రాళ్ళేవి? ఐసు మీద రాళ్ళుండాలి. మనం రాళ్ళ మీదే నడుస్తాం. ఐసు కింద ఉంటుంది. రాయి తీసి చూస్తే గానీ కనపడదు."

నేను ఆవిడ ఒళ్ళో దుప్పటి సర్దాను. ఐసు కింద, రాళ్ళు పైన. రాళ్ళ మీద నడుస్తూ ఐసు మీద నడుస్తున్నాననుకోవడం. నా మనసులో నేను తరవాతి నర్సుకి చెప్పే మాట సిద్ధమైపోయింది.

తిరిగొస్తూ ఊళ్ళో చెక్కతో కట్టిన చిన్న చర్చి ఒకటి కనపడితే ఆగాం. ప్రార్థన చేసుకుందామని నేనే ఆపించాను. లోపల ఒకావిడ పూలు సర్దుతోంది. బలిపీఠం వెనక రంగుటద్దాలు లేవు. మామూలు గాజు కిటికీ. అందులోంచి అడవి, మబ్బు. పెద్దావిడ ఆ కిటికీని చూడగానే ముందుకి వంగి, "ఇదిగో! ఇందులో ఐసు కనపడేది. ఆదివారం ప్రార్థనలో నేను కళ్ళు మూసుకునేదాన్ని కాదు," అంది. మొహం వెలిగిపోయింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అయితే సరైన చోటికే వచ్చామన్నమాట.

పూలు సర్దే ఆవిడ నవ్వుతూ దగ్గరికొచ్చి, ఏ కాలంలో ఇక్కడున్నారని అడిగింది. పెద్దావిడ తన పెళ్ళికి ముందని చెప్పింది. ఆవిడ కొంచెం తటపటాయించింది.

"అప్పటికి కనపడేది కాదనుకుంటానే," అంది మెల్లిగా, నాతో. "ఈ కిటికీ కట్టినప్పుడు మంచు నిండుగా కనపడేది. దీని బొమ్మతో తపాలా బిళ్ళ కూడా వేశారు. తరవాత మంచు వెనక్కి పోయింది. చాలా ఏళ్ళకి మళ్ళీ ముందుకొచ్చింది, చెట్లని తోసుకుంటూ. అప్పుడు మళ్ళీ కొన్నాళ్ళు కనపడింది. ఇప్పుడు లేదు."

"ముందుకొచ్చిందా? మంచు ముందుకి కూడా వస్తుందా?" అన్నాను.

"ఇది వచ్చింది. ఒకసారి కాదు. వస్తూ పోతూ ఉండేది. ఈసారి మాత్రం పోవడమే," అంది.

నేను బెంచీ మీద కూర్చుండిపోయాను. మంచు పోతుందని వార్తల్లో విన్నాను. రావడం, మళ్ళీ పోవడం, మళ్ళీ రావడం ఎప్పుడూ వినలేదు. మరి పెద్దావిడ చూసింది ఏ రాకలో? పెళ్ళికి ముందా, పిల్లలు పెద్దయ్యాక ఎప్పుడో మొగుడితో వచ్చినప్పుడా? లేక తపాలా బిళ్ళ మీదేనా? ఆవిడ మాత్రం ఏ సందేహమూ లేకుండా కిటికీలోని మబ్బుని చూస్తూ కూర్చుంది. నేను ప్రార్థన చేశాను. ఏం అడగాలో తోచక అందరి ఆరోగ్యం అడిగాను.

సాయంత్రానికి ఆకాశం తేటపడింది. మోటల్ వరండాలో కుర్చీ వేసి పెద్దావిడని కూర్చోబెట్టాను. సముద్రం వైపు ఆకాశం ఎర్రబడింది. ఉన్నట్టుండి ఆవిడకి కోపం వచ్చింది. కుర్చీ చేతుల మీద కొట్టింది.

"సూర్యుడు అటెందుకు దిగుతున్నాడు?"

"అటు పడమరండీ. సముద్రం అటే."

"కొండ వెనక్కి దిగాలి! కొండ వెనక్కి! మేం గిన్నెలు కడిగేలోపే నీడ పడిపోయేది. ఇదేమిటిది? ఎవరు తిప్పేశారు దీన్ని?"

పొద్దుగూకే వేళకి మతిమరుపున్నవాళ్ళలో చాలామందికి అలజడి పెరుగుతుంది. రోజూ చూసేదే. టీ కలిపిచ్చి, లోపలికి తీసుకెళ్ళి, టీవీ పెట్టాను. సర్దుకుంది. మా ఆయన మాత్రం వరండాలోనే నిలబడి అటూ ఇటూ చూస్తున్నాడు.

"ఏమేవ్, ఆవిడ తిక్కగా మాట్లాడుతున్నట్టు లేదు నాకు. కోపం చూశావా? తెలిసినోళ్ళకే వస్తది ఆ కోపం."

"మీకు తెలీదులెండి. సాయంత్రాలు ఇంతే."

"ఏమో. నాకు తెలీదు, ఒప్పుకుంటా," అని లోపలికొచ్చేశాడు.

మర్నాడు పొద్దున ఒక్క మబ్బు లేదు. లోయలోకి నడిచి మంచు దాకా వెళ్ళే దారి ఎప్పుడో మూసేశారు. దగ్గరికి వెళ్ళాలంటే హెలికాప్టరే. కొడుకు ముందే చెప్పి ఉంచాడు, అమ్మ సరేనంటే ఎక్కించమని. అయితే ఆ "సరే" సంగతే తేలలేదు. పైలట్ నన్ను పక్కకి పిలిచి, "ఆవిడకి ఎక్కడికి వెళ్తున్నదీ తెలుస్తుందా?" అని అడిగాడు. ఏం చెప్పను? కొడుక్కి ఫోన్ చేశాను. వెనక ఆవులు అరుస్తున్నాయి. "నువ్వు అక్కడున్నావు, నేను ఇక్కడున్నాను. నీకెలా అనిపిస్తే అలా చెయ్యి," అన్నాడు.

పెద్దావిడ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "హెలికాప్టర్ ఎక్కుదామా?" అని అడిగాను. "ఎక్కుదాం," అంది. కాసేపాగి మళ్ళీ అడిగాను. "ఎవరిది హెలికాప్టరు?" అంది. ఇంకోసారి అడిగాను.

"ఏం అమ్మాయ్, నీకు భయమా?" అంది, నా చెంప మీద చెయ్యి వేసి.

నాకు భయంగానే ఉంది. అది చూసింది ఆవిడ. నా మొహంలో భయం చదవగలిగిన మనిషికి ఎక్కడికి వెళ్తున్నదీ తెలీదని ఎలా అనను? పైలట్‌తో వెళ్దామని చెప్పాను. సరిగ్గా చేశానో లేదో ఇప్పటికీ ఖాయంగా చెప్పలేను.

పైకి లేచిన కొద్ది నిమిషాలకే అడవి పోయి ఐసు వచ్చింది. కింద మెట్లు మెట్లుగా, బద్దలైన దిమ్మలుగా, సందుల్లో నీలంగా. దూరం నుంచి మరకలా కనపడ్డది ఇంత ఉంటుందనుకోలేదు. మా ఆయన దండకం చదివినట్టు "యేసయ్యా, యేసయ్యా" అంటున్నాడు, మైకు ఆన్‌లో ఉందని మర్చిపోయి. పైన తెల్లటి మైదానంలో దిగాం. పైలట్ పెద్దావిడని దాదాపు ఎత్తి దింపాడు. నేనొక పక్క, మా ఆయనొక పక్క పట్టుకున్నాం.

నాకు ఆ తెలుపులో దిక్కు తెలియలేదు. ఏది దగ్గరో, ఏది దూరమో, నేల ఎక్కడ లేస్తోందో, ఎక్కడ దిగుతోందో కంటికి అందలేదు. నీడ లేనిచోట అడుగు ఎక్కడ వెయ్యాలో కాలికి తెలీడం లేదు. పైలట్ చెబుతున్నాడు. ఇక్కడ పడ్డ మంచు పొర మీద పొర పేరుకుని, బరువుకి నొక్కుకుపోయి ఐసవుతుందట. అది లోయలోకి జారుతూ, అడుగున ఇరుక్కున్న రాళ్ళతో కొండని గీరుతూ పోతుందట. మనం నిలబడ్డది కూడా కదులుతూనే ఉందట. ఆ మాట వినగానే మా ఆయన పెద్దావిడ చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. ఎవరి కోసమో తెలియలేదు.

పెద్దావిడ వంగలేదు. నేనే దోసిట్లో కాస్త మంచు తీసి ఇచ్చాను. ఆవిడ నాలిక మీద పెట్టుకుంది. పెదవులు బిగించింది.

"ఇది మంచు. ఐసు కాదు," అంది. చుట్టూ మెల్లిగా చూసింది. కోపం లేదు, ఏడుపు లేదు. నన్నేదో ఓదార్చాలన్నట్టు చూసి, "నన్ను వేరే చోటికి తెచ్చావమ్మాయ్," అంది.

పైలట్ నా కేసి చూశాడు. నేను వాచీ కేసి చూసుకున్నాను, చూడ్డానికి ఏమీ లేకపోయినా.

దిగేటప్పుడు పైలట్ హెలికాప్టర్ని ఒక పక్కకి ఒరిగించి, లోయ చివర ఐసు ఆగిపోయే చోటు మీదుగా తిప్పాడు. అక్కడ తెలుపు లేదు. ఐసు నిండా బూడిద రంగు మట్టీ రాళ్ళూ. పెద్దావిడ ఉన్నట్టుండి కిటికీ గాజు మీద వేలితో కొట్టింది. ఏదో చెబుతోంది. హెడ్‌ఫోన్లు ఎప్పుడో తీసి ఒళ్ళో పెట్టేసుకుంది, మాకు ఒక్క మాటా వినపడలేదు. పెదవులు మాత్రం కదులుతూనే ఉన్నాయి. రెస్ట్‌హోమ్‌లో అంతసేపు ఏకబిగిన మాట్లాడగా నేనెప్పుడూ చూడలేదు. వేలు కిందకి, పక్కకి, మళ్ళీ కిందకి చూపిస్తోంది. హెడ్‌ఫోన్లు పెట్టబోతే నా చెయ్యి తోసేసింది. దిగి, రెక్కలు ఆగాక దగ్గరికెళ్ళి, "పైన ఏం చెప్పారు? ఏం కనపడింది?" అని అడిగాను.

"ఎప్పుడు?" అంది.

హామిల్టన్ తిరిగొచ్చిన వారం, కొడుకు వచ్చి ఎలా జరిగిందని అడిగాడు. చెప్పడానికి చాలా తంటాలు పడ్డాను. చర్చిలో సంతోషించిందన్నాను. సాయంత్రం కోప్పడిందన్నాను. ఇది కాదు, వేరే చోటికి తెచ్చావు అందని కూడా దాచకుండా చెప్పాను. ఆయన నెత్తి గోక్కున్నాడు. సౌత్ ఐలాండ్‌లోనే తిమారు అనే ఊళ్ళో తన పెద్దమ్మ, అమ్మకి అక్క, ఉందనీ, తొంభై దగ్గరైనా మాట స్పష్టంగా ఉంటుందనీ, ఫోటోలు పంపితే ఆవిడకీ చూపిస్తాననీ అన్నాడు.

రెండు రోజుల తరవాత నేను డ్యూటీలో ఉండగా ఫోన్ చేశాడు. గొంతు వింతగా ఉంది.

"మా పెద్దమ్మ ఏమంటోందో తెలుసా? అమ్మ పడమటి వైపు ఎప్పుడూ పనిచెయ్యలేదంట. తూర్పు వైపంట. అవే కొండలు, ఇవతలి పక్క. అక్కడ ఐసు మీదంతా రాళ్ళేనంట. హోటల్ నించి బస్సులో వెళ్ళి రాళ్ళ గుట్ట దిగి నడిచేవాళ్ళంట."

నేను మందుల ట్రాలీ పట్టుకుని నిలబడిపోయాను. తూర్పు వైపునుంచి చూస్తే సూర్యుడు కొండల వెనక్కే దిగుతాడు. అక్కడ వాన తక్కువ, అడవి లేదు, పసుపు గడ్డే. రాళ్ళ కిందే ఐసు. ఆవిడ ఒక్క ముక్కైనా తప్పు చెప్పలేదు. నేను మాట మార్చుకుంటూ పోయాను.

"మరి చర్చి కిటికీ?" అన్నాను.

"అదే నాకూ అర్థం కావట్లేదు. నేను పుట్టినప్పట్నించీ మా అమ్మ పడమటి వైపనే చెప్పింది. నాన్నా అదే చెప్పేవాడు. వాళ్ళిద్దరూ తరవాత ఒకసారి అక్కడికి వెళ్ళారు, అది నిజం. అప్పుడు కిటికీలో చూసిందేమో. లేకపోతే పెద్దమ్మే పొరబడుతోందేమో. ఆవిడకి తొంభై దగ్గరపడ్డాయి." ఆగాడు. "మా అమ్మ ఎక్కడ పనిచేసిందో నాకు తెలీదన్నమాట," అన్నాడు. నవ్వబోయి ఆపేసినట్టు వినపడింది.

ఇంటికెళ్ళి మా ఆయనకి చెప్పాను. ఆయన అన్నం కలుపుతూ ఆగి, "నేను చెప్పలా? తెలిసినోళ్ళ కోపం అది," అన్నాడు. కాసేపటికి తనే మళ్ళీ, "అయితే మనం ఆవిణ్ణి అంత దూరం తీసుకెళ్ళి, కొండకి అటేపు దింపామంటావా?" అన్నాడు.

"అలాగే ఉందండీ."

"మరి చర్చిలో ఆ మొహం?"

నేను ఆయన కంచంలో ఇంకాస్త కూర వేశాను.

పెద్దావిడనే అడుగుదామని, ఒక మంచి పూట చూసి పక్కన కూర్చున్నాను. ఆ హోటల్ కొండకి ఏ పక్కన ఉండేదని అడిగాను. ఆవిడ బంగాళాదుంపల గురించి చెప్పింది. ఎంత పెద్ద గంగాళంలో ఉడికించేవాళ్ళో, నీళ్ళు వంచేటప్పుడు ఆవిరికి కళ్ళద్దాలు ఎలా మసకబారేవో. బూట్ల గది గురించి చెప్పింది. మేకులు కొట్టిన బూట్లు వరసలుగా ఉండేవట, అతిథుల కాళ్ళ కొలతకి సరిపోయేవి ఏరి ఇచ్చేవారట, జారకుండా పైన ఉన్ని మేజోళ్ళు తొడిగేవారట. కొండకి ఏ పక్కో మాత్రం చెప్పలేదు.

నేను ఊహించనిది ఇంకొకటి జరిగింది. ఆవిడ టీ బల్ల దగ్గర కొత్త కథ చెప్పడం మొదలుపెట్టింది. ఒక అమ్మాయీ, ఆ అమ్మాయి మొగుడూ తనని గాలిలో తీసుకెళ్ళి, తానెన్నడూ చూడని చోట దింపారట. అంతా తెలుపే అట. "ఈ వయసులో! కొత్త చోటు!" అని బల్ల చుట్టూ ఉన్నవాళ్ళ చేతులు పట్టుకుని చెప్పేది. ఎవరా అమ్మాయి అంటే, నేను అక్కడే కప్పులు తీస్తున్నా, "ఉంది, వంటింట్లో నాతో పనిచేసేది," అనేది. నేను సరిదిద్దలేదు. షిఫ్టు మారేటప్పుడు కూడా ఆవిడ గురించి పాత మాట చెప్పబోయి, ఆగి, "ఇవాళ బాగా మాట్లాడింది," అని చెప్పడం అలవాటైంది. అలా చెబితే తరవాతి నర్సుకి పనికొచ్చే సంగతేమీ అందదని తెలుసు. ఇంకేం చెప్పాలో తేలక అలా చెప్పేదాన్ని.

వేసవి వచ్చేసరికి కొడుకు తూర్పు వైపుకి తీసుకెళ్దామన్నాడు. మమ్మల్నీ రమ్మన్నాడు. మా ఆయన మ్యాపులు చూసుకుని సిద్ధంగా ఉన్నాడు. ఈలోపు పెద్దావిడ స్నానాల గదిలో పడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక మంచం మీంచి కుర్చీకి, కుర్చీలోంచి మంచానికి. ప్రయాణం మాట ఎవరూ ఎత్తలేదు. కొడుకు చివరికి తన భార్యతో వెళ్ళాడు.

అక్కణ్ణించి వీడియో కాల్ చేశాడు. పెద్దావిడ మధ్యాహ్నం నిద్ర లేచి కూర్చుని ఉంది. నేను ఫోన్ ఆవిడ మొహం ముందు పట్టుకున్నాను. గాలి హోరు. ఆయన టోపీ చేత్తో నొక్కిపట్టుకుని ఉన్నాడు. ఫోన్ తిప్పి చూపించాడు. పసుపు గడ్డి. కింద గుట్టలు గుట్టలుగా రాళ్ళు. రాళ్ళకి అవతల బూడిద రంగు చెరువు, పెద్దది, అందులో మాసిన తెప్పల్లాగా రెండు మూడు ఐసు ముక్కలు. ఎక్కడో చివర ఒక నల్లటి గోడలాంటిది.

"అమ్మా, ఇదేనా? ఇక్కడేనా నువ్వు పనిచేసింది?"

పెద్దావిడ నా చేతిలోని ఫోన్‌ని తన రెండు చేతులతో దగ్గరికి లాక్కుంది.

"రాళ్ళు," అంది.

"అవునమ్మా, రాళ్ళు! ఇవేనా?"

"దిగు. దిగి ముందుకి నడు. కింద ఐసుంటుంది."

ఆయన ఏదో సర్దుకున్నట్టున్నాడు, తెర ఊగింది. "ముందుకి వీల్లేదమ్మా. అంతా నీళ్ళే."

"నీళ్ళా?" పెద్దావిడ నా కేసి తిరిగింది. నుదురు ముడిపడింది. "నీళ్ళెక్కడివి? అక్కడ నీళ్ళు లేవే."

ఆ చెరువు ఈ మధ్య కాలంలో ఏర్పడిందనీ, ఆవిడ ఉన్న రోజుల్లో అక్కడంతా ఐసేననీ కొడుకు భార్య వెనకనించి ఏదో బోర్డు చదివి చెబుతోంది. గాలికి సగమే వినపడుతోంది. పెద్దావిడ వినడం లేదు. చెరువుని వేలితో పక్కకి జరపబోయినట్టు తెర మీద రాసింది. కాల్ తెగిపోయింది.

నేను మళ్ళీ కలిపేలోపు ఆవిడ దుప్పటి పక్కకి తోసి కాళ్ళు కిందకి దించబోయింది. భుజం పట్టుకుని ఆపాను. ఎక్కడికండీ అన్నాను.

"వాడికి దారి తెలీదు," అంది.